నీలమ్మ కొంగు, తేనె గుంత

ఇంగ్లీషు బొమ్మల సినిమాను తెలుగులో చెప్పడానికి ఇంగ్లీషు రానక్కర్లేదని నీలమ్మకు గట్టి నమ్మకం. బొమ్మ కనిపిస్తూనే ఉంది. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు గుడ్లురుముతున్నారో మొహంలో తెలుస్తూనే ఉంది. ఇంక మాటలదేముంది, మనమే వేసుకోవచ్చు! అందుకే టీవీ గొంతు బాగా తగ్గించి, గచ్చు మీద బాసింపట్టు వేసి, రిమోటు ఒళ్లో పెట్టుకుని ఆమె అందుకుందంటే, తెర మీది ఎలుగుబంటి అచ్చమైన ఇబ్రహీంపట్నం మాట మాట్లాడేది. ముసలి గుడ్లగూబ మాత్రం ఆమె చనిపోయిన అత్తగారిలా సాధించేది. ఆ అత్తగారి కొడుకు, నీలమ్మ భర్త అంజిలయ్య ఆ మాటలు వినపడినప్పుడల్లా అరుగు మీద కూర్చుని మీసాల్లో నవ్వుకునేవాడు.

అవి హైదరాబాదు తన హద్దులు దాటి నాలుగు దిక్కులా పరుగెత్తుతున్న రోజులు. నిన్నటిదాకా జొన్న కోసిన చేలో ఇవాళ రంగు జెండాలు పాతి ప్లాట్లు అంటున్నారు. సాగర్ రోడ్డు పొడుగునా ఇంజినీరింగు కాలేజీలు లేచాయి. పాత బస్టాండు వెనక గల్లీలో ఆడవాళ్ళు కూడా పొద్దున్నే డబ్బా కట్టుకుని బస్సెక్కడం మొదలుపెట్టారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలన్న ప్రశ్న వాళ్ళకు పుట్టకముందే నీలమ్మకు జవాబు తోచింది.

"ఈడ ఇడిశి పోండ్రి. నా ఇల్లేమన్న కరిగిపోతదా? నాకు గూడ జర సోపతి ఉంటది" అంది.

తోడు కావాలన్న ఆ సోపతి మాట అబద్ధం కాదు. కొడుకు దయాకర్ హయత్‌నగర్‌లో పనికి కుదిరి అక్కడే ఉంటున్నాడు. లారీ తోలి తోలి మోకాళ్ళు అరిగిన అంజిలయ్య పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట తప్ప మాట్లాడడు. నీలమ్మకేమో మాట లేకపోతే ముద్ద దిగదు. నాలుగో తరగతితో ఆమె బడి ఆగింది గానీ, అడగడం ఆగలేదు. గల్లీలోకి కొత్త ఆటో వస్తే ఎవరు దిగారు, ఎక్కడివాళ్ళు, మూటలో ఏముంది అన్నవి తెలిసేదాకా ఆమె గేటు దగ్గరినుంచి కదిలేది కాదు. అటువంటి మనిషికి, ఎందుకు, ఏమిటి అని పొద్దస్తమానం అడిగే పిల్లలు దొరికారు. ఆమె మొహం వెలిగిపోయింది.

సినిమా సంగతి ఆ తరవాత వచ్చింది. హయత్‌నగర్‌లో దయాకర్ పనిచేసే సీడీల దుకాణాన్ని తీసేసి యజమాని ప్లాట్ల ఆఫీసు పెట్టాడు. దయాకర్‌ను అందులోనే ఉంచుకున్నాడు గానీ సీడీలను ఏం చేసుకోవాలో తెలియలేదు. "అమ్మా, పిల్లలకు ఏసుకో" అని దయాకర్ ఒక సంచెడు తెచ్చి పడేశాడు, పాత ప్లేయరుతో సహా. అన్నీ వేసి చూసి, గీతలు పడ్డవి పక్కనపెట్టి, నీలమ్మ ఒకదాన్ని ముద్దుగా దాచుకుంది. చెవి మీద తెల్లమచ్చ ఉన్న ఎలుగు పిల్ల సినిమా అది. ఎప్పటిదో పాతది. ఆ పిల్లకు ఆమె బుడ్డోడు అని పేరు పెట్టింది.

కథ చిన్నదే. బుడ్డోడి తల్లి, పడిపోయిన చెట్టు దాటి పోవద్దని చెబుతుంది. బుడ్డోడు పోతాడు. అవతల నేలలో ఒక గుంత. అందులోంచి బంగారు వెలుగు, తేనె వాసన. బుడ్డోడు దిగుతాడు. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. చెట్టు వేళ్ళన్నీ చేతులై పట్టుకుంటాయి, నల్ల నీళ్ళు గొంతుదాకా లేస్తాయి, గుంత నోరు మూసుకుంటుంది. చీకట్లో వాడి రెండు కళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. ఎక్కడో పైనుంచి తల్లి పిలుపు వినపడుతుంది. ఆ పిలుపు పట్టుకుని పాకుతూ పాకుతూ పైకి వస్తాడు. చివర తల్లి తెచ్చిన తేనెతో ఎలుగులన్నీ కూడి విందు చేసుకుంటాయి.

ఇటువంటి చోటుకు నీలమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. మంచాల దగ్గరి పల్లెలో ఆమె చిన్నప్పుడు పటం కథవాళ్ళు వచ్చేవారు. చాపలా చుట్టిన పొడుగాటి గుడ్డ నిండా బొమ్మలు. ఒక్కో జానెడే విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాటగా కథ చెప్పేవారు. రాక్షసి బొమ్మ వచ్చే ముందు పటమాయన గుడ్డ చుట్టను చేత్తో ఆపి, పిల్లల వైపు తిరిగి, "కొంగు దొరికిందా అందరికి?" అని అడిగేవాడు. అమ్మ కొంగు దొరకని పిల్లలు పక్కామె కొంగు పట్టుకునేవాళ్ళు. అప్పుడుగాని విప్పేవాడు కాదు. కోరలు చూసి నీలమ్మ కెవ్వుమని తల్లి కొంగులోకి దూరేది. దూరి, ఒక కన్ను బయటపెట్టి చూసేది. ఇంటికి వెళ్ళాక కథలో మిగతాదంతా మరిచినా ఆ రాక్షసి ఏం తప్పు చేసి చచ్చిందో మాత్రం మరిచేది కాదు. భయమేసిన చోటే బుద్ధి నిలబడుతుందని, కొంగు పట్టుకుని భయపడితే ఏమీ కాదని ఆమె అప్పుడే తేల్చేసుకుంది.

అందుకే బుడ్డోడు గుంత అంచుకు రాగానే రిమోటు నొక్కి బొమ్మను ఆపేది. "కొంగు దొరికిందా?" అని అడిగేది. పిల్లలంతా ఆమె కొంగు మీద పడేవారు. ఒక్కరు అందుకోకపోయినా బొమ్మ కదిలేది కాదు.

ఇంకో ఆట కూడా ఆ సినిమాలోంచే పుట్టింది. తల్లి ఎలుగు పిలిచే పిలుపును ఆమె తనదిగా చేసుకుంది. గొంతు బాగా దించి, పాట కాకుండా మాట కాకుండా, "ఓ బుడ్డా... నా కొంగు ఖాళీగున్నదిరా..." అని పిలిస్తే, పిల్లలు ఏ మూల ఏ ఆటలో ఉన్నా సరే, "వస్తున్ననే అమ్మా!" అని వెనక్కి తిరిగి వచ్చి కొంగు పట్టుకోవాలి. చివర వచ్చినవాళ్ళు అందరి చెప్పులు సర్దాలి. అన్నానికి పిలవడం, స్నానానికి పిలవడం అంతా ఆ పిలుపుతోనే. ఆ గల్లీలోనే ఉండే రేణుక కొడుకు బాలనర్సింహ ఆరేళ్ళవాడు, అల్లరికి పెట్టింది పేరు. వాడు కూడా ఆ పిలుపుకు గోడ మీదినుంచి దిగి వచ్చేవాడు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో రత్నమాల ఆ గల్లీకి వచ్చింది. గుడివాడ పక్క మనిషి. భర్తకు, ఆమెకు ఒకే కాలేజీ ఆఫీసులో ఉద్యోగాలు. ఐదేళ్ళ కూతురు శ్రీలేఖను మొదటి రోజు తెచ్చి అప్పగిస్తూ, "చాలా సున్నితం పిన్నిగారూ, మెల్లిగా చెబితేనే వింటుందండి" అంది.

"మెల్లగనా? నా నోట్లె మెల్లగ అన్నది లేదు బిడ్డా. అయినా చూస్త" అంది నీలమ్మ.

చూసింది కూడా. వారం తిరిగేసరికి శ్రీలేఖ, "గట్ల గాదు, గిట్ల" అనడం మొదలుపెట్టింది. రత్నమాలకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంతా సవ్యంగా పోతుండగా ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. బుడ్డోడు తేనె వాసన పీలుస్తూ సరిగ్గా గుంత దగ్గరికి చేరుకుంటున్నాడు. బయట లారీ ఆగిన చప్పుడు, బీరువా దించుతున్న కేకలు. ఎదురుగా ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఎవరో దిగుతున్నారు! నీలమ్మ ప్రాణం గేటు దగ్గరికి వెళ్ళిపోయింది. "ఇప్పుడే వస్త, కదలకుండ్రి" అని లేచింది. ఆమె అక్కడ వాళ్ళది ఏ ఊరో, బీరువా ఎక్కడ కొన్నారో అడుగుతుండగా ఇక్కడ బొమ్మ తన పాటికి తాను నడిచింది. కొంగు లేదు, ఆపే చెయ్యి లేదు. వేళ్ళు చేతులయ్యాయి, నల్ల నీళ్ళు లేచాయి. ముందే చూసిన పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. మొదటిసారి చూస్తున్న శ్రీలేఖ ఎవరినీ పట్టుకోలేదు. నీలమ్మ వచ్చేసరికి పిల్ల గోడకు అంటుకుపోయి, నోరు తెరిచి, అరుపు కూడా రాకుండా నిలబడి ఉంది.

రాత్రికి జ్వరం. దడుసుకుందని గల్లీ అంతా తేల్చింది. రత్నమాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మందు వేయించింది. మర్నాడు అంజిలయ్య, ఎవరూ చెప్పకుండానే, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని సాయంత్రం మసీదు మెట్ల దగ్గర నిలబడ్డాడు. నమాజు చేసి బయటికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరూ ఆ నీళ్ళ మీద ఊది వెళ్ళారు. ఆ నీళ్ళు తెచ్చి పిల్లకు తాగించారు. మందుకు తగ్గిందో, నీళ్ళకు తగ్గిందో గానీ జ్వరం తగ్గింది. రత్నమాల కోపం మాత్రం తగ్గలేదు.

"ఏం సినిమా అండీ అది! పిల్లలకు చూపించేదేనా?" అని గేటు దగ్గరే నిలదీసింది.

"సినిమా మంచిదే బిడ్డా. నేను పక్కన లేకుంటి. గేటుకాడికి పోయిన. నేనుంటే కొంగు పట్టుకుంటుండె..."

"కొంగు పట్టుకుంటే మటుకు ఆ చేతులు, ఆ నీళ్ళు కనపడవా? మీరు ఏమన్నా అనుకోండి పిన్నిగారూ, అది తీసెయ్యాలి. మిగతాదంతా చూపించండి. నీతి ఉంది, బాగుంది. ఆ ఒక్క ముక్క వద్దు. లేదంటే నేను ఇంకో దారి చూసుకుంటాను."

పక్కనున్న రేణుక కూడా, "అవ్ అత్తా, మావోడు గూడ రాత్రి ఉలిక్కిపడుతుండు" అంది. బాలనర్సింహ జన్మలో ఉలిక్కిపడ్డవాడు కాదు. అయినా ఒక తల్లి మాట అన్నాక ఇంకో తల్లి వెనకబడుతుందా?

నీలమ్మ మనసు ఒప్పుకోలేదు. తన పొరపాటుకు బొమ్మను శిక్షించడమేమిటి అనిపించింది. కానీ పిల్ల వాడిన మొహం కళ్ళ ముందు ఉంది. సరేనంది. ఆనాటినుంచి బుడ్డోడు గుంతలోకి కాలు పెట్టగానే ముందుకు ఉరికించే మీట నొక్కేది. తెర మీద గీతలు గీతలుగా ఏదో పరిగెత్తేది. వేలు తీసేసరికి విందు వచ్చేది. ఎలుగులన్నీ తేనె పూసుకుని నవ్వుతుండేవి.

"దిగిండు, తిన్నడు, అయిపోయింది" అని ఆమె ముక్తసరిగా ముగించేది. చెప్పిన ఆమెకే రుచించలేదు. "ఉప్పులేని పప్పు లెక్కున్నదయ్యా కథ" అని అంజిలయ్యతో చెప్పుకుంది.

"ఊఁ" అన్నాడు అంజిలయ్య. ఆనాటికి ఆయన సాయంత్రపు మాట అయిపోయింది.

ఉప్పు లేని పప్పును పిల్లలు మాత్రం ఇష్టంగా తిన్నారు. శ్రీలేఖకు భయం ఎగిరిపోయింది. తొందరలోనే గుంపుకు నాయకురాలైంది. మంచం కింద దుప్పట్లు వేలాడదీసి గుంత అనేది. అందరూ ఒకరి వెనక ఒకరు దూరి అవతలివైపు వచ్చి, చేతులు నాకుతూ, "మస్తున్నది తేనె!" అనేవాళ్ళు. నీలమ్మ చూసి నవ్వుకుంది. రత్నమాల చూసి, "చూశారా పిన్నిగారూ, ఎంత ధైర్యం వచ్చిందో!" అంది. అవునంది నీలమ్మ. నిజంగానే వచ్చింది కదా.

ముసురు పట్టి, నాలుగు రోజులు కురిసి, తెరిపి ఇచ్చిన రోజది. నీలమ్మ ఇంటి వెనక ప్లాటులో కొత్త ఇల్లు లేస్తోంది. యజమాని హైదరాబాదులో ఉంటాడు. వానకు పని ఆగింది. మేస్త్రీ సోమయ్య కూలీలను తీసుకుని ఇంకో చోటికి పోయాడు. నీళ్ళ సంపు తవ్వి, గోడలు కట్టి, మూత వెయ్యకుండా వదిలేశారు. అందులో వాన నీళ్ళు నిండాయి.

మధ్యాహ్నం పిల్లలకు అన్నాలు పెట్టి, పడుకోబెట్టి, నీలమ్మ పెరట్లో గిన్నెలు కడిగి వచ్చింది. గంప తెచ్చి అరలో సర్దబోతే చిన్న గిన్నెలు లేవు. పిల్లలకు పెరుగు పోసే స్టీలు గిన్నెలు అవి. పిల్లల అన్నాలు కాగానే ముందుగా కడిగి బోర్లించినవి బోర్లించినట్లు ఉండాలి. ఒక్కటీ లేదు. ఇంకొకరైతే తరవాత వెతుక్కుందాం అనుకునేవారే. నీలమ్మకు అది ఎట్లా సాధ్యం? ఇన్ని గిన్నెలు ఎవరు తీశారు, ఎందుకు తీశారు? అన్నం అయిపోయింది. పెరుగు అయిపోయింది. గిన్నెలో పోసుకునేది ఇంకేముంది?

తొంగి చూస్తే చాపల మీద పిల్లలు లేరు. వెనక తలుపు ఓరగా తీసి ఉంది. గిన్నెలో పోసుకునేది ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

చెప్పులు లేకుండా కంకర మీద నడిచింది. ఇసక కుప్ప పక్కకు తిరిగేసరికి కనిపించారు. తలా ఒక గిన్నె పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ ముందు సంపు. నడినెత్తి సూర్యుడు నేరుగా నీళ్ళలోకి దిగి, లోపలినుంచి బంగారు వెలుగు పైకి తన్నుతోంది. అంచు మీద శ్రీలేఖ కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ లోపలికి వేలాడేసింది. ఒక చేతిలో గిన్నె. బాలనర్సింహ ఆమె గౌను అంచును రెండు వేళ్ళతో పట్టుకుని, "దిగు మరి, జల్ది దిగు! నా వంతు రావద్దా?" అంటున్నాడు.

నీలమ్మ గొంతు బస్టాండుదాకా వినపడుతుందని పేరు. ఆ గొంతు ఛాతీలోంచి లేచి నాలుక చివరదాకా వచ్చింది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే జారుతుంది. పరిగెత్తితే కంకర చప్పుడుకు మిగతావాళ్ళు కదిలి తోసేస్తారు. ఆమె అడుగు అక్కడే ఆపింది. అరుపును మింగేసింది. గచ్చు మీద కూర్చున్నప్పటిలాగే, కంకర మీద మెల్లగా కూర్చుంది. గొంతు దించింది.

"ఓ బుడ్డా..."

బాలనర్సింహ తల తిప్పి చూశాడు.

"ఓ బుడ్డా... నా కొంగు ఖాళీగున్నదిరా..."

"వస్తున్ననే అమ్మా!" అన్నారు పిల్లలు, అలవాటుగా, అందరూ ఒక్కసారే. శ్రీలేఖ కూడా అంది. అని, ఒక కాలు పైకి తీసుకుంది. తరవాత రెండో కాలు. గట్టు మీద మోకాళ్ళు ఆనించి, లేచి, చివరిదాన్ని కాకూడదని తొందరగా వచ్చింది. లేవడంలో గిన్నె చేతిలోంచి జారింది. గోడకు తగిలి ఖంగుమంది. బుడుంగున మునిగింది. ఆ తరవాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఎంతో కిందికి పోయాక ఎక్కడో అడుగున తగిలినట్టు సన్నగా వినపడింది. పిల్లలంతా ఆగి విన్నారు.

"మస్తు లోతున్నది" అన్నాడు బాలనర్సింహ, మొదటిసారి గొంతు తగ్గించి.

నీలమ్మ కొంగు చివర పట్టుకున్న చేతులను ఒక్కొక్కటే తాకి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు లేచింది. లేచాక మాత్రం బస్టాండుదాకా వినపడింది.

ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టాక అడిగింది. "ఎందుకు పోయిండ్రే?"

"తేనె కోసం నీలవ్వా" అంది శ్రీలేఖ ఏడుస్తూ. "బుడ్డోడు దిగిండు, తిన్నడు, అయిపోయింది అన్నవ్ గదా!"

నీలమ్మ కొంగుతో పిల్ల కళ్ళు తుడిచింది. అన్నది తన మాటే. అన్న తీరు కూడా తనదే.

సాయంత్రం రత్నమాల వచ్చే వేళకు అంజిలయ్య అరుగు మీద కదిలి, "చెప్తవా?" అన్నాడు.

"చెప్పకుంటె?"

"చెప్తె తోల్కపోతది. ఆమె ఎనక తక్కినోళ్ళు."

నీలమ్మకు అది తెలియకపోలేదు. పిల్లలు లేని ఇల్లు ఎలా ఉంటుందో కూడా తెలుసు. గోడలు, అంజిలయ్య, సాయంత్రానికి ఒక ఊఁ. "పోనీ, తోల్కపోనీ. పిల్ల బతికున్నది, యాడికన్న తోల్కపోతది" అని గేటు దగ్గరికి నడిచింది. రత్నమాల చెప్పులు విడవకముందే జరిగింది జరిగినట్లు చెప్పింది. సంపు అంచు మీద కాళ్ళు వేలాడేసిన సంగతి కూడా దాచలేదు. వాన గురించీ, మేస్త్రీ గురించీ సాకులు చెప్పలేదు.

రత్నమాల పిల్లను ఎత్తుకుంది. గట్టిగా, ఐదేళ్ళ పిల్లను ఏడాది పిల్లలా ఎత్తుకుంది. వెళ్ళిపోయింది.

మర్నాడు శ్రీలేఖ రాలేదు. రేణుక కొడుకును పంపింది గానీ, "జర చూడు అత్తా" అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. నీలమ్మ వింది. కూర్చుని బాధపడే మనిషి కాదు గనక సోమయ్య మేస్త్రీని వెతికి పట్టుకుంది.

"మూత దెచ్చుడు ఓనరు పనమ్మా. ఆయన పట్నంల ఉంటడు" అన్నాడు సోమయ్య.

"ఆయన పట్నంల ఉంటడు. గుంత ఈడ ఉంటది. నువ్వేడ ఉంటవ్?"

"నేను... ఈడనే గదమ్మా."

"అయితె నువ్వొక దిక్కు పట్టు, నేనొక దిక్కు పడ్త."

ఇంటి పెరట్లో బట్టలుతికే షాబాదు బండను పెకిలించి, కూలీలతో మోయించి, సంపు మీద పరిపించింది. పైన ఇటికలు పేర్పించింది. అంజిలయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, బండ లేని చోటును, బురదను చూశాడు.

"నేనేడ తానం జెయ్యాలె?"

"బురదల చెయ్యి. కాళ్ళు కడుక్కో. మళ్ల బురదల నిలబడు" అంది నీలమ్మ. ఆ రోజు ఆయన రెండు మాటలు ఎక్కువే మాట్లాడాడు.

శనివారం సాయంత్రం ఆమె రత్నమాల ఇంటి తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నా గడప దగ్గరే నిలబడింది.

"రేపు ఆదివారం. పదకొండు గంటలకు ఎలుగు పిల్ల సినిమా ఏస్తున్న. మొత్తం ఏస్త, ముక్క ఇడ్వ. తల్లులందరు రావాలె. నువ్వు గూడ రావాలె బిడ్డా."

"మళ్ళీనా!" అంది రత్నమాల. "పిల్ల మొన్ననే కదండీ కోలుకుంది. జరిగింది చాలదా?"

"జరిగిందానికే చెప్తున్న. మనం నీతి ఉంచినం, భయం దీసినం. గుంతల తేనె ఉన్నదని నేర్పినం. నువ్వు అడిగినవ్, నేను నొక్కిన. ఇద్దరం పెద్దోళ్ళమే." ఆమె గొంతు పెంచలేదు. "పిల్లకు భయం ఎట్లయిన వస్తది రత్నమ్మా. నేను గేటుకాడ ఉన్నప్పుడు రావొద్దు, అంతే. నీ ఒళ్ళె కూసున్నప్పుడు రావాలె. గందుకే రమ్మంటున్న. రాకపోతె నీ ఇష్టం, కోపం లేదు."

తలుపు వెనకనుంచి శ్రీలేఖ రెండు కళ్ళు మాత్రం కనిపించాయి.

ఆదివారం గది నిండింది. రేణుక వచ్చింది. గల్లీ తల్లులు వచ్చారు. పనిలో పనిగా లారీలో బీరువా తెచ్చుకున్న కొత్త ఇల్లాలు కూడా వచ్చింది. అప్పటికి ఆమె పుట్టినింటి వివరాలు కూడా నీలమ్మకు తెలుసు. బొమ్మ మొదలైంది. పడిపోయిన చెట్టు వచ్చింది. గుడ్లగూబ సాధించింది. నీలమ్మ గొంతులో ఉప్పు, కారం తిరిగి వచ్చాయి. నవ్వులు లేచాయి. అయినా ఆమె చెవి గేటు మీదే ఉంది. బయట ఏ ఆటో ఆగినా లేవలేదు గానీ, చెవి మాత్రం అక్కడే ఉంది.

బుడ్డోడు చెట్టు దాటుతుండగా గేటు చప్పుడైంది. నైటీ మీద చున్నీ వేసుకుని, శ్రీలేఖ చెయ్యి పట్టుకుని రత్నమాల వచ్చింది. తలుపు పక్కనే, ఎప్పుడైనా లేచిపోయేలా, అంచు మీద కూర్చుంది. నీలమ్మ చూడనట్లు కథ చెబుతూనే, పిరుదుల మీద జరిగి జరిగి వాళ్ళ పక్కకు చేరింది.

బుడ్డోడు గుంత అంచుకు వచ్చాడు. బంగారు వెలుగు. నీలమ్మ రిమోటు నొక్కింది. బొమ్మ ఆగింది.

"కొంగు దొరికిందా అందరికి?"

పిల్లలు తమ తమ తల్లుల మీద పడ్డారు. బాలనర్సింహ రేణుక కొంగును రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు. శ్రీలేఖ తల్లి వైపు చూసింది. తల్లికి కొంగు లేదు. చున్నీ ఉంది గానీ, రత్నమాల దాన్ని తనే రెండు చేతులా పిడికిలి పట్టేసింది. తెర మీద ఆగిపోయిన గుంతనే చూస్తోంది. అందులో ఆమెకు ఏ సంపు కనిపిస్తోందో నీలమ్మకు తెలుసు. అడగలేదు. అడగకుండా ఉండటం ఆమెకు అదే మొదటిసారి.

శ్రీలేఖ చెయ్యి చాచి నీలమ్మ కొంగు అందుకుంది. చివరను మడిచి తల్లి పిడికిలి విప్పి అందులో పెట్టింది.

"అమ్మా, నువ్వు గూడ పట్టుకో. భయమైతది. ఏం గాదు, నీలవ్వ పిలుస్తది" అంది.

రత్నమాల పట్టుకుంది.

నీలమ్మ మీట నొక్కింది. వేళ్ళు చేతులయ్యాయి. నల్ల నీళ్ళు లేచాయి. పిల్లలు కెవ్వుమన్నారు, తల్లులు కూడా అన్నారు. గుంత నోరు మూసుకుంది. రెండు కళ్ళు మిగిలాయి. కొంగు మీద పడిన బరువుకు నీలమ్మ భుజం వంగిపోయింది. ఆ బరువును అలాగే ఉంచుకుని ఆమె గొంతు దించి పిలిచింది. "ఓ బుడ్డా..."

గదిలో అందరికంటే ముందు, సన్నగా, గుడివాడ యాసలో, "వస్తున్నానమ్మా" అన్న గొంతు రత్నమాలది. తరవాత పిల్లలు అందుకున్నారు.

విందు వచ్చేసరికి శ్రీలేఖ తెరకేసి చూపించింది. "అంటే తేనె గుంతల లేదు నీలవ్వా. వాళ్ళమ్మ దెచ్చింది."

"అవ్ బిడ్డా" అంది నీలమ్మ. "గుంతల ఏముండె?"

"నల్ల నీళ్ళు" అన్నాడు బాలనర్సింహ. "మన గిన్నె."

సోమవారం పొద్దున గేటు చప్పుడైతే నీలమ్మ తలుపు తీసింది. గల్లీ చివర బస్సు అందుకోవడానికి రత్నమాల గబగబా నడిచిపోతోంది, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. గేటు దగ్గర శ్రీలేఖ, చేతిలో కొత్త స్టీలు గిన్నె.

నీలమ్మ దాన్ని తిప్పి చూసింది. అడుగున పేరు చెక్కించారు, శ్రీలేఖ అని. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు చెక్కించారు, చెక్కినవాడు ఎవరు అని మూడు ప్రశ్నలు ఒకేసారి అడిగింది. పిల్లకు ఒక్కదానికీ జవాబు తెలియదు.

"సరే తీ. సాయంత్రం మీ అమ్మను అడుగుత" అంది, గిన్నెను అరలో మిగతావాటి పక్కన బోర్లిస్తూ.